ఏకాంతవాసికి రొట్టె తెచ్చినవారు: నాల్గవ శతాబ్దపు ఐగుప్తులో ఏకాంతము, సహవాసము

వేదాంత కళాశాలల్లో సంఘ చరిత్ర పాఠం మఠ జీవనం దగ్గరికి వచ్చేసరికి రెండు పేర్లు తప్పక వినబడతాయి. అంతోని ఏకాంత సన్యాసానికి ఆద్యుడు, పకోమియస్ సామూహిక మఠ జీవితానికి ఆద్యుడు అని చెప్పి, ఒకరిని ఒకవైపు, మరొకరిని మరొకవైపు నిలబెట్టడం పరిపాటి. బి.డి. చదివే రోజుల్లో నేనూ అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. పరీక్షకు ఆ విభజన చాలు. కాని అథనాసియస్ రాసిన అంతోని జీవిత చరిత్రను, పకోమియస్ శిష్యులు భద్రపరచిన తమ గురువు చరిత్రను, ఎడారి పితరుల సూక్తి సంకలనాలను పక్కపక్కన పెట్టుకొని చదివితే మధ్యలో గీసిన ఆ గీత నిలవదు. ఏకాంతవాసికి రొట్టె ఎవరు తెచ్చారు, మఠవాసికి వేరుగా ఒక గది ఎందుకు ఇచ్చారు అనే రెండు చిన్న ప్రశ్నలు వేసుకుంటే ఆ సంగతి తెలుస్తుంది.

అంతోని నిజంగా ఒంటరివాడేనా?

క్రీ.శ. 251 ప్రాంతంలో ఐగుప్తులోని ఒక క్రైస్తవ కుటుంబంలో అంతోని జన్మించాడు. తలిదండ్రులు చనిపోయేనాటికి అతనికి పద్దెనిమిదో ఇరవయ్యో ఏళ్ళు. చెల్లెలు ఇంకా చిన్నపిల్ల. సుమారు ఆరు నెలల తర్వాత ఆలయంలో మత్తయి 19:21 చదువుతుండగా విని, తండ్రి విడిచిపోయిన 300 అరూరాల భూమిని, అంటే మన లెక్కలో దాదాపు 200 ఎకరాలను, ఊరివారికి ఇచ్చివేశాడు. చరాస్తిని అమ్మి బీదలకు పంచి, చెల్లెలి కోసం కొంత అట్టిపెట్టాడు. మరొకసారి మత్తయి 6:34 విన్నప్పుడు ఆ కొంత కూడా పంచిపెట్టి, చెల్లెలిని నమ్మకస్థులైన కన్యల చేతికి అప్పగించాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ త్యాగాన్ని మనం ప్రసంగాలలో ఎంతో ఘనంగా చెబుతాము. అందులో సగం ఆ చెల్లెలిదని మాత్రం నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు. ఆమె పేరైనా అథనాసియస్ రాయలేదు. అన్నగారి ఏకాంతానికి మొదటి వెల చెల్లించినది ఆమె. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె వృద్ధురాలై, ఇతర కన్యలకు పెద్దగా ఉండగా అంతోని చూచి సంతోషించాడని గ్రంథంలో కొద్ది మాటలు మాత్రం ఉన్నాయి. సేవకుని ఏకాంతానికి ఇంట్లో ఎవరు వెల చెల్లిస్తున్నారో, ఈ పత్రిక పాఠకులలో చాలామంది భార్యలకు బాగా తెలుసు.

ఇల్లు విడిచిన అంతోని నేరుగా ఎడారిలోకి పోలేదు. పొరుగు గ్రామంలో చిన్ననాటి నుండి ఒంటరిగా జీవిస్తున్న ఒక వృద్ధుని దగ్గర నేర్చుకున్నాడు. భక్తిపరులు ఎక్కడ ఉన్నారని వింటే అక్కడికి వెళ్ళి, ఒకరి దగ్గర ప్రార్థన, మరొకరి దగ్గర ఓర్పు, ఇంకొకరి దగ్గర ఉపవాసము నేర్చుకొని వచ్చాడు. ఒంటరిగా ఎలా ఉండాలో కూడా అతడు ఇతరుల దగ్గరే నేర్చుకోవలసి వచ్చింది. ఆ తరువాత ఊరికి దూరంగా ఉన్న సమాధులలో ఒకదానిలోకి ప్రవేశించినప్పుడు బయటి నుండి తలుపు మూసింది ఒక స్నేహితుడే. అప్పుడప్పుడు రొట్టె తెచ్చినవాడూ అతడే. సాతానుతో పోరాటంలో అంతోని చచ్చినవానివలె పడిపోతే, అతనిని మోసుకొని ఊరి ఆలయానికి చేర్చినవాడు కూడా ఆ స్నేహితుడే. బంధువులు, ఊరివారు శవం చుట్టూ కూర్చున్నట్టు కూర్చున్నారు. అర్ధరాత్రి మెలకువ వచ్చిన అంతోని, అందరూ నిద్రపోగా ఆ స్నేహితుడొక్కడే మేలుకొని ఉండడం చూచి, తనను మరల సమాధికి మోసుకొని పొమ్మని అడిగాడు. అతడు మోసుకొనిపోయాడు. ఈ స్నేహితుని పేరూ మనకు తెలియదు.

ముప్పయి అయిదేళ్ళ వయసులో నైలు నది దాటి ఒక పాడుబడిన కోటలో చేరి, దాదాపు 20 సంవత్సరాలు ఎవరికీ కనబడకుండా ఉన్నాడు. ఆ కాలమంతా ఏడాదికి రెండుసార్లు పైకప్పు మీదుగా రొట్టెలు దిగేవి. చివరికి స్నేహితులే తలుపు విరగగొట్టగా, 305 ప్రాంతంలో బయటికి వచ్చాడు. వచ్చినవాడు చేసిన పని ఏమిటి? రోగులను ఆదుకున్నాడు, దుఃఖించువారిని ఓదార్చాడు, తగవులాడుకునేవారిని కలిపాడు. 311లో మాక్సిమిన్ చక్రవర్తి హింస సమయంలో అలెగ్జాండ్రియకు వెళ్ళి, గనులలోను చెరసాలలలోను ఉన్న విశ్వాసులకు పరిచర్య చేశాడు. ఎర్ర సముద్రం వైపునున్న లోపలి కొండకు చేరిన తరువాత కూడా తనకు రొట్టె మోసేవారికి శ్రమ కలుగుతున్నదని గ్రహించి, ఒక పార, ఒక గొడ్డలి, కొన్ని గోధుమలు తెప్పించుకొని సాగు మొదలుపెట్టాడు. తర్వాత కొన్ని కూర మొక్కలు కూడా నాటాడు. అవి తనకోసం కాదు, అంత దూరం నడిచి అలసి వచ్చేవారి కోసం.

అంతోనికి చెందినవని చెప్పే మాటలలో రెండు ఈ సందర్భంలో గమనింపదగినవి. ఒకటి, గది విడిచి తిరిగే సన్యాసి నీటి బయట చేప వంటివాడని. రెండవది, మన జీవమూ మరణమూ పొరుగువాని చేతనే నిర్ణయమవుతాయని. మొదటిది విద్యార్థులందరికీ తెలుసు. రెండవది తెలిసినవారు తక్కువ.

భోజనం చేసి నడవగలిగినంత దూరం

నిట్రియ కొండ మీద అమ్మోను చుట్టూ సన్యాసుల సంఖ్య బాగా పెరిగింది. కొందరు ఇంకా నెమ్మదిగల చోటు కోరారు. సూక్తి సంకలనంలోని కథ ప్రకారం, ఆ కొత్త గదులు ఎంత దూరంలో ఉండాలని అమ్మోను అంతోనిని అడిగాడు. అంతోని సిద్ధాంతం చెప్పలేదు. తొమ్మిదవ గంటకు, అంటే మధ్యాహ్నం మూడు గంటలకు, ఇద్దరూ భోజనం చేసి నడక మొదలుపెట్టారు. ప్రొద్దు గుంకే చోట ప్రార్థించి ఒక సిలువ పాతారు. ఇక్కడి వారు అక్కడి వారిని చూడడానికి భోజనం చేసి బయలుదేరితే చీకటి పడేలోగా చేరగలగాలి, అదే కొలత. ఆ స్థలమే కెల్లియ, అంటే గదులు. 338లో ఏర్పడిందని సంప్రదాయం. నిట్రియకు దూరం సుమారు 18 కిలోమీటర్లు.

ఏకాంతానికి ఇంత చక్కని కొలబద్ద నాకు మరెక్కడా కనబడలేదు. కెల్లియలో వారమంతా ఎవరి గదిలో వారు ఉండేవారు. శని, ఆదివారాలలో ఆలయంలో కూడుకునేవారు. ఎవరైనా రాకపోతే జబ్బు చేసిందని గ్రహించి, అందరూ ఒకేసారి కాక ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి, తమకున్నది పట్టుకొనిపోయి చూచి వచ్చేవారు. రాకపోవడం గమనించేవారు ఉన్నారు గనుకనే అక్కడ ఒంటరితనం ప్రమాదం కాలేదు.

అక్కడి ఏకాంతం ఆనందమయమని భ్రమపడనక్కరలేదు. 399లో మరణించిన ఎవాగ్రియస్ కెల్లియలోనే జీవిస్తూ మధ్యాహ్న వేళ సన్యాసిని పట్టే విసుగును వర్ణించాడు. ప్రొద్దు కదలదు, కిటికీ వైపు చూపు పోతుంది, ఎవరైనా సహోదరుడు వస్తున్నాడేమోనని తొంగిచూడాలనిపిస్తుంది. ప్రసంగం సిద్ధపడుతూ పది నిమిషాలకొకసారి సెల్ ఫోన్ చేతిలోకి తీసుకునే మనకు ఆ వర్ణనకు వ్యాఖ్యానం అవసరం లేదు.

పకోమియస్ కూల్చుకున్న గోడ

పకోమియస్ 292 ప్రాంతంలో అన్యమత కుటుంబంలో జన్మించాడు. సుమారు ఇరవై ఏళ్ళప్పుడు రోమా సైన్యం అతనిని బలవంతంగా పట్టుకొనిపోయి, తీబ్స్‌లో తోటివారితో కలిపి నిర్బంధించింది. ముక్కూ మొగమూ తెలియని ఊరివారు అన్నం తెచ్చి పెట్టారు. వీరెవరని అడిగితే క్రైస్తవులని చెప్పారు. అతని మారుమనస్సుకు మూలం అదే. సైన్యం నుండి విడుదలై బాప్తిస్మం పొంది, పలామోన్ అనే ఏకాంతవాసి వద్ద కొన్నేళ్ళు శిష్యరికం చేశాడు. సహవాస స్థాపకుడు తయారైనది ఒక ఏకాంతవాసి చేతిలోనే అన్నమాట.

320 ప్రాంతంలో తబెన్నీసిలో ఆయన పని ఆరంభమైంది. అన్న యోహాను వచ్చి చేరాడు. ఎక్కువమందిని చేర్చుకోవాలని పకోమియస్ గోడ పెంచుతుంటే, నిశ్శబ్దంగా ఇద్దరమే ఉండాలని కోరిన అన్న ఆ గోడను పడగొట్టాడు. పకోమియస్‌కు కోపం వచ్చింది. ఆ కోపం గురించి రాత్రంతా ఏడ్చి ప్రార్థించాడు. ఏకాంతం, సహవాసం అనే వివాదం ఇక్కడ రెండు మఠాల మధ్య కాదు, ఒకే గోడ కడుతున్న అన్నదమ్ముల మధ్య జరిగింది. తరువాత చేరిన మొదటి గుంపుకు ఆయనే వండిపెట్టి, ఆయనే లెక్కలు చూసి సేవకుడుగా ఉంటే, వారు ఆయనను హేళన చేశారు. కొన్నేళ్ళు ఓర్చి చివరకు వారిని పంపివేశాడు. ప్రేమ ఒక్కటే ఉంటే చాలదని, సహవాసానికి ఒక క్రమం కావాలని ఈ అనుభవం నేర్పింది.

ఆ క్రమం సంగతి విద్యార్థులు చదివే ఉంటారు: చుట్టూ ప్రహరీ, ఒకే పని చేసేవారికి ఒక ఇల్లు, ఇంటికి ఒక పెద్ద, చదువు రానివారికి తప్పనిసరిగా అక్షరాలు, కీర్తనలు కంఠస్థం. ప్రతివానికి వేరుగా ఒక గది. అందరితో కలిసి తిని, కలిసి పనిచేసినవాడు తిరిగి వచ్చి వాక్యం నెమరు వేసుకొనే చోటు అది. అన్నివేళలా అందరితో ఉండేవాడు ఎవరితోనూ ఉండలేడని పకోమియస్ గ్రహించి ఉండాలి. ఆయన సోదరి మరియ ఒక స్త్రీల మఠానికి పెద్ద అయ్యింది. ఆమె పేరు చరిత్రలో నిలిచింది. 346లో తెగులు వచ్చి ఆయన మరణించేనాటికి పురుషులకు తొమ్మిది, స్త్రీలకు రెండు మఠాలున్నాయి. కొన్నేళ్ళకే ఆస్తులు పెరిగి, మఠాలు విడిపోవాలని చూడగా ఒర్సీసియస్ నాయకత్వం థియోడోర్‌కు అప్పగించవలసి వచ్చింది. మన పాస్టరేట్లలో స్థలాల తగాదాలు చూచినవారికి ఇది వింతగా తోచదు.

పకోమియస్ చరిత్రలో ఒక సన్నివేశం ఉంది. ఆయన మరణం తర్వాత సహోదరులు అంతోనిని దర్శించారు. అంతోని వారి గురువును పొగిడి, తాను ఆరంభించిన కాలంలో ఇటువంటి సహవాసం లేదని, అందుకే ఏకాంతంలోకి వెళ్ళానని చెప్పాడు. ఇది పకోమియస్ శిష్యులు రాసినది గనుక తమ పక్షం కొంత ఎక్కువ చేసి ఉండవచ్చు. అయినా ఇద్దరినీ ప్రత్యర్థులుగా వారు ఊహించలేదన్నది స్పష్టం.

బాసిల్ ప్రశ్న

ఏకాంతం మీద గట్టి విమర్శ వచ్చింది ఐగుప్తు నుండి కాదు, ఐగుప్తును చూచి వెళ్ళిన బాసిల్ నుండి. 357 ప్రాంతంలో ఆ దేశాలు తిరిగి, పొంతు ప్రాంతంలో నది ఒడ్డున స్థిరపడిన కొత్తలో స్నేహితుడైన గ్రెగరీకి రాసిన ఉత్తరంలో, పట్టణం విడిచాను గాని నన్ను నేను విడువలేకపోయానని ఒప్పుకున్నాడు. ఓడలో వాంతులవుతుంటే చిన్న పడవలోకి మారినవాని వంటి స్థితి అది. తరువాత రాసిన నియమాలలో ఆయన అడిగిన ప్రశ్న ప్రసిద్ధం: యోహాను 13లో ప్రభువు చేసినట్టు ఒంటరివాడు ఎవరి పాదాలు కడుగుతాడు? తన తప్పు తనకు ఎవరు చెబుతారు? 370లో కైసరయ బిషప్పై పట్టణం వెలుపల రోగులకు, బీదలకు కట్టించిన ఆశ్రయాలు ఆ ప్రశ్నకు ఆయన ఇచ్చుకున్న జవాబు. ఆరవ శతాబ్దంలో బెనెడిక్టు, మఠంలో చాలాకాలం శిక్షణ పొందినవారే ఏకాంతానికి పోవాలని రాసి ఈ చర్చను దాదాపు ముగించాడు. మఠాన్నే కాదన్న లూథరు కూడా 1521 మే నుండి 1522 మార్చి వరకు వార్ట్‌బర్గ్ కోటలో ఒంటరితనం భరించలేనని ఉత్తరాలు రాశాడు. ఆ కోటలోనే సుమారు పదకొండు వారాలలో క్రొత్త నిబంధనను జర్మన్‌లోకి తర్జుమా చేశాడు.

ఈ చరిత్ర మన తెలుగు సంఘాలకు దూరమైనదిగా కనబడవచ్చు. మనం గుంపులుగా వచ్చినవారము. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గూడెం గూడెమంతా కలిసి నిర్ణయించుకున్న సంఘాలలో ఒంటరిగా కూర్చున్నవాడిని చూస్తే ఏదో బాధలో ఉన్నాడని అనుకుంటాము. కాని ఆ ఉద్యమానికి ముందు నడిచిన ఎర్రగుంట్ల పేరయ్యగారు క్రైస్తవులు కాకముందు యోగసాధన చేసినవారు. 1866లో బాప్తిస్మం పొందిన ఆయన, అంతకు ఎంతో ముందే మౌనంగా కూర్చోవడం నేర్చుకున్నారు. ఆ పాయ మన సంఘ జ్ఞాపకంలో ఎందుకు ఇంకిపోయిందో పరిశోధించదగిన విషయం.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. పాతికేళ్ళ క్రితం ఒక పల్లె పాస్టరేటులో ఉండగా, అంతోని చరిత్ర చదివిన ఉత్సాహంతో పన్నెండు గంటల వరకు తలుపు తీయకూడదని నియమం పెట్టుకున్నాను. సంఘ పెద్ద ఒకాయన వరుసగా మూడు రోజులు వచ్చారు. "అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు, సాయంత్రం రండి" అని మా ఇంట్లో చెప్పి పంపారు. సాయంత్రం ఆయనకు కూలిపని. నాలుగవ రోజు తెలిసింది, కొడుకుతో పడిన తగవు తీర్చమని అడగడానికి వచ్చారని, ఆ కొడుకు ముందురోజు రాత్రే ఇల్లు విడిచి హైదరాబాదు బస్సెక్కాడని. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. దానితో భయపడి తరువాత మూడేళ్ళు తలుపు వేయనేలేదు. అప్పుడు నా ప్రసంగాలు ఎలా ఉండేవో ఆ సంఘస్థులనే అడగాలి. నిట్రియకు, కెల్లియకు మధ్య ఆ ఇద్దరు వృద్ధులు నడిచి చూచుకున్న దూరం నాకు ఇంకా సరిగా దొరకలేదు.

అంతోని 356లో, 105వ ఏట, లోపలి కొండ మీద మరణించాడు. చివరి పదిహేను సంవత్సరాలు వృద్ధాప్యం కారణంగా ఇద్దరు శిష్యులు అతనితోనే ఉండి పరిచర్య చేశారు. తన వస్త్రాలలో ఒక గొర్రెచర్మము, పై వస్త్రము అథనాసియస్‌కు, మరొక గొర్రెచర్మము సెరపియోను అనే బిషప్పుకు, రోమవస్త్రము ఆ ఇద్దరికి ఇమ్మన్నాడు. తన శరీరాన్ని ఎక్కడ పాతిపెట్టారో ఎవరికీ చెప్పవద్దన్నాడు. కాళ్ళు చాపుకొని, తన దగ్గరకు స్నేహితులు వస్తుంటే చూచినవానివలె సంతోషించాడని అథనాసియస్ రాశాడు. ఆ ఇద్దరు చెప్పినట్టే పాతిపెట్టారు. ఆ చోటు ఆ ఇద్దరికి తప్ప మరెవరికీ తెలియలేదు.