తిమ్మక్కకు తీరిక ఎప్పుడు దొరికింది?

ఆళ్లగడ్డకు దగ్గర్లోనే అహోబిలం. అన్నమయ్య ఆదివణ్ శఠకోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నది అక్కడే అంటారు. తర్వాత ఆయన 32 వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. అందులో సగం కూడా దొరకలేదు గానీ, దొరికినవే 12 వేల పైమాట. ఆయన భార్య తిమ్మక్క పేర మనకు మిగిలింది ఒక్కటే, 'సుభద్రా కల్యాణం'. తొలి తెలుగు కవయిత్రి అని గొప్పగా చెప్పుకుంటాం. మనవడు చిన్నన్న తాతగారి జీవితం మీద ఒక ద్విపద కావ్యమే రాశాడు. చంటిపిల్లాడున్న ఇంట్లో తిమ్మక్క రోజెలా గడిచేదో మాత్రం ఎవరూ కావ్యం చెయ్యలేదు.

అన్నమయ్య జోలలూ లాలులూ చాలానే కట్టాడు. అలాంటివి పాడి పిల్లల్ని నిద్రపుచ్చింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

తిమ్మక్క ఎంచుకున్నది మంజరీ ద్విపద. రెండేసి పాదాలు, ప్రాస నియమం లేదు, మాటలు వాడుకకు దగ్గర. సీసపద్యం సగంలో ఉండగా ఉయ్యాల్లో పిల్లాడు లేస్తే అల్లిక చెదిరిపోతుంది. ద్విపదనైతే రెండు పాదాల దగ్గర ఆపి, పాలిచ్చి వచ్చి, మళ్లీ అందుకోవచ్చు. ఇది నా ఊహే. అయినా ఆడవాళ్లు ద్విపదనీ పాటనీ అంతగా పట్టుకోవడానికి 'సులువు' ఒక్కటే కారణమని విమర్శకులు అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

నంద్యాల సంగతి ఇంకా చిత్రం. 16వ శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయా'న్ని నంద్యాల కృష్ణమరాజుకి అంకితమిచ్చాడు. అందులో అసలు ముడి విప్పేది మధురలాలస అనే పసిపిల్ల! మణి హారం మెడలో పడగానే పూర్వజన్మ గుర్తొచ్చి కథంతా చెప్పేస్తుంది, తీసేస్తే మళ్లీ మామూలు పాప. తెలుగు కావ్యంలో చంటిబిడ్డ కథ చెప్పగలిగింది. చంటిబిడ్డ తల్లి కథ చెప్పడానికి మాత్రం రాజాశ్రయం దొరకలేదు.

చరిత్రలో పేరు నిలిచిన వాళ్లని చూడండి. మొల్లకి పెళ్లి కాలేదంటారు. తరిగొండ వెంగమాంబ బాలవితంతువు. 1902లో 'ధనత్రయోదశి' రాసిన భండారు అచ్చమాంబ (1874–1905) పదేళ్లకే పెళ్లయి, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుతో పాటు చదువు నేర్చుకుంది. ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది, అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదివించింది, ముప్ఫై ఏళ్లకే వెళ్లిపోయింది. దీన్నుంచి సూత్రం లాగను. కానీ ఒళ్లో పిల్లలున్న వాళ్ల పేర్లు ఇంత తక్కువగా మిగలడం యాదృచ్ఛికం అనుకోలేను.

వాళ్లు ఊరుకున్నారని కాదు. స్త్రీల రామాయణపు పాటలు చూడండి. యుద్ధం పక్కకు పోయి వేవిళ్లు, కాన్పు, పసిబిడ్డ స్నానం ముందుకొస్తాయి. కౌసల్య వేవిళ్లకి ఒక పాటే ఉంది. పాడుకుంటూ, పనిచేసుకుంటూ, ఒకరి దగ్గర్నుంచి ఒకరు అందుకున్నవి. కట్టినవాళ్ల పేర్లు చాలావరకూ లేవు. వాటిలో నాకు బాగా ఇష్టమైనది 'ఊర్మిళాదేవి నిద్ర'. లక్ష్మణుడు అడవికి వెళ్లిన పద్నాలుగేళ్లూ ఊర్మిళ నిద్రపోతుంది. తిరిగొచ్చి తట్టి లేపితే పరాయివాడెవరో అనుకుని కోప్పడుతుంది. రాత్రి మూడుసార్లు లేచే తల్లులు ఈ పాట ఎంత ఇష్టంగా పాడుకుని ఉంటారో!