లినక్స్ డివైస్ డ్రైవర్ల పత్రీకరణ

లినక్స్ డివైస్ డ్రైవర్ల పత్రీకరణ అనగా లినక్స్ కెర్నల్‌లోని డివైస్ డ్రైవర్లను వ్రాయటానికి, వాడటానికి, సరిదిద్దటానికి కావలసిన సమాచారాన్ని వ్రాసిపెట్టి, కోడు మారినప్పుడల్లా దానిని కూడా మార్చుతూ ఉండే పని. ఆపరేటింగ్ సిస్టంలో హార్డువేరుతో నేరుగా వ్యవహరించే మూలభాగాన్ని కెర్నల్ అంటారు. డిస్కు, నెట్‌వర్క్ కార్డు, కీబోర్డు వంటి పరికరాలకూ కెర్నల్‌కూ మధ్య దుబాసీ వలె పనిచేసే ప్రోగ్రామే డివైస్ డ్రైవర్. లినక్స్‌లో ఈ పత్రాలు చాలావరకు సోర్సు కోడుతో పాటే, డాక్యుమెంటేషన్ అనే డైరెక్టరీలో ఉంటాయి.

పాతబడటానికి కారణం

లినక్స్ కెర్నల్ కొత్త కూర్పు సుమారు తొమ్మిది పది వారాలకు ఒకసారి విడుదలవుతుంది. మామూలు అప్లికేషన్లు ఆధారపడే ఇంటర్‌ఫేసును చెడగొట్టరాదనే నియమాన్ని లినస్ టోర్వాల్డ్స్ గట్టిగా పాటిస్తారు. కానీ కెర్నల్ లోపలి భాగాలకూ డ్రైవర్లకూ మధ్యనున్న ఇంటర్‌ఫేసుకు అటువంటి హామీ లేదు. ఇది నిర్లక్ష్యం కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయమే. దీనికి కారణాలను వివరిస్తూ గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ వ్రాసిన పత్రం కెర్నల్ సోర్సులోనే ఉన్నది. ఒక ఫంక్షను రూపాన్ని మార్చినవారే దానిని వాడుతున్న డ్రైవర్లన్నింటినీ సరిచేయాలి. సరిచేయకపోతే కంపైలర్ ఒప్పుకోదు కనుక కోడు విషయంలో ఈ పని జరిగితీరుతుంది. పత్రాలకు మాత్రం చాలాకాలం అటువంటి కాపలా లేకపోయింది.

ఉదాహరణలు

అలెస్సాండ్రో రుబినీ 1998లో వ్రాసిన "లినక్స్ డివైస్ డ్రైవర్స్" ఈ రంగంలో ప్రసిద్ధ గ్రంథం. జోనథన్ కార్బెట్, రుబినీ, క్రోహ్-హార్ట్‌మన్ కలిసి వెలువరించిన మూడవ ముద్రణ (2005) ఇంటర్నెట్‌లో ఉచితంగా లభిస్తుంది. అది 2.6.10 కెర్నల్‌ను ఆధారంగా చేసుకొని వ్రాయబడినది. మరుసటి సంవత్సరమే, 2.6.19 కూర్పులో, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌కు ఉన్న మూడవ ఆర్గ్యుమెంటును తొలగించారు. కనుక అందులోని ఇంటరప్ట్ ఉదాహరణలను ఉన్నవి ఉన్నట్లు ఎత్తి వ్రాసిన విద్యార్థికి నేటి కెర్నల్‌లో అవి కంపైల్ కావు. భావనలు తెలుసుకోవటానికి మాత్రం ఈ పుస్తకం ఇప్పటికీ ఉపయోగపడుతుంది.

పైన చెప్పినటువంటి మార్పు కనీసం కంటికి కనిపిస్తుంది. కనిపించని మార్పు అంతకంటే ప్రమాదకరం. దీనికి బిగ్ కెర్నల్ లాక్ మంచి ఉదాహరణ. కెర్నల్ మొత్తానికీ ఉమ్మడిగా ఉండిన ఈ తాళాన్ని వేసిన తరువాతనే ఒకప్పుడు క్యారెక్టర్ డివైస్ ఓపెన్ ఫంక్షనును పిలిచేవారు. 2008లో వచ్చిన 2.6.27 నుండి అలా వేయటం మానివేశారు. కెర్నల్ సోర్సులో ఉన్న డ్రైవర్లలో అవసరమైనచోట తాళాన్ని ఆ డ్రైవర్ లోపలికే మార్చారు. అయితే ఫంక్షను రూపం ఏమాత్రం మారలేదు. అందువలన పాత వివరణను నమ్మి బయట వ్రాసిన డ్రైవరు చక్కగా కంపైల్ అవుతుంది, పరీక్షలో పనిచేస్తుంది కూడా. రెండు ప్రాసెస్‌లు ఒకే క్షణంలో పరికరాన్ని తెరిచినప్పుడు మాత్రం దాని డేటా పాడయ్యే అవకాశం ఉంటుంది. ఎప్పుడో ఒకసారి కనిపించే ఇటువంటి లోపాన్ని పట్టుకోవటం మిక్కిలి కష్టం. ఈ తాళాన్ని 2011లో, 2.6.39 కూర్పులో, పూర్తిగా తొలగించారు.

పత్రాల రూపం, తనిఖీ

మొదట్లో పత్రాలు ఎవరికి తోచిన రీతిలో వారు వ్రాసిన టెక్స్ట్ ఫైళ్ళు. తరువాత ఫంక్షను పైననే ఒక నిర్ణీత పద్ధతిలో వ్యాఖ్య వ్రాసే కెర్నల్-డాక్ విధానం వచ్చినది. ఆ వ్యాఖ్యల నుండి డాక్‌బుక్ ద్వారా పుస్తకాలు తయారుచేసేవారు. 2016లో, 4.8 కూర్పు నుండి, డాక్‌బుక్ స్థానంలో స్ఫింక్స్ అనే సాధనాన్ని ప్రవేశపెట్టారు. పైన చెప్పిన పుస్తక రచయితలలో ఒకరైన కార్బెట్ పత్రీకరణ విభాగానికి నిర్వాహకునిగా ఈ మార్పును నడిపించారు.

వివరణ కోడు పక్కనే ఉండటం వలన కొంత తనిఖీని యంత్రానికి అప్పగించవచ్చు. ఫంక్షనుకు కొత్త ఆర్గ్యుమెంటు చేర్చి వ్యాఖ్యలో దాని పేరు వ్రాయకపోతే, అదనపు హెచ్చరికలను కోరి కంపైల్ చేసినప్పుడు ఆ లోపం బయటపడుతుంది. హార్డువేరు అమరికను కెర్నల్‌కు తెలిపే డివైస్ ట్రీ పత్రాలలో అనేకం యామెల్ రూపంలోకి మారినవి. వాటిలోని ఉదాహరణలను కూడా ప్రోగ్రామే పరీక్షిస్తుంది. కానీ ఈ తనిఖీ పేర్లకు, రూపానికి మాత్రమే పరిమితం. "ఈ ఫంక్షనును పిలిచే ముందు తాళం వేయవలెను" అనే వాక్యం నేటికీ నిజమేనా అన్నది మార్పు చేసినవారు, దానిని సమీక్షించినవారు చూడవలసినదే. వివరణ లేనిచోట చదువరి కోడును చూస్తాడు, తప్పు వివరణ ఉన్నచోట దానినే నమ్ముతాడు.

వాడుకరులకు కనిపించే ఇంటర్‌ఫేసుల వివరాలను స్థిరమైనవి, పరీక్షలో ఉన్నవి, వాడుక తగ్గినవి, తొలగించినవి అని నాలుగు విభాగాలుగా వేరే డైరెక్టరీలో ఉంచుతారు. ఏ డ్రైవరును ఎవరు చూస్తున్నారో, ఏది అనాథగా మిగిలినదో మెయింటెయినర్స్ అనే ఫైలు తెలుపుతుంది.

ఇతర ఆపరేటింగ్ సిస్టములు

ఓపెన్‌బీఎస్‌డీలో డ్రైవర్ల మాన్యువల్ పేజీలు నాలుగవ విభాగంగా సిస్టం సోర్సులోనే ఉంటాయి. అక్కడ పేజీలోని తప్పును కోడులోని తప్పుతో సమానంగా ఎంచుతారు. లినక్స్ మాన్యువల్ పేజీలు మాత్రం కెర్నల్‌తో సంబంధం లేని వేరొక ప్రాజెక్టుగా నడుస్తాయి. కనుక ఆ పేజీలలో ప్రస్తావన ఉన్న డ్రైవరును మార్చినవారు మరొక చోటికి కూడా సవరణను పంపవలసి ఉంటుంది.