వాల్వు రేడియోకూ స్పీకరుకూ పొంతన

వేసవి వచ్చిందంటే మా నూజివీడు ప్రాంతపు ఇళ్లలో రెండు వాసనలు కలగలిసి వచ్చేవి. వరిగడ్డిలో మాగవేసిన చిన్నరసాల వాసన ఒకటి, వేడెక్కిన వాల్వు రేడియో వాసన రెండవది. ఈ మధ్య కొందరు యువమిత్రులు వాల్వు యాంప్లిఫయర్లు వేలు పోసి కొని, వాటికి ఏ స్పీకరు నప్పుతుందని అడుగుతున్నారు. మా తరానికి ఆ ప్రశ్న రాలేదు. ఆ పెళ్లి కర్మాగారంలోనే జరిగిపోయేది.

మా వైపు వారికి మొదట 1938 జూన్ 16న ఆరంభమైన మద్రాసు కేంద్రమే ఆధారం. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వెలిసిన తరువాత రేడియో మన ఇంటి మనిషి అయింది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు తీర్చిదిద్దిన భక్తిరంజనితోనే మా నాయనమ్మకు తెల్లవారేది. 1961 నుండి బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు రేడియో వాల్వులను ఇక్కడే తయారుచేయసాగారు.

వాల్వుది ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటు. స్పీకరు తీగచుట్టకు కావలసింది సరిగ్గా దీనికి విపర్యయం. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనేవారు నేటి కాగితపు స్పీకరుకు రూపమిచ్చిన నాటినుండీ ఈ చిక్కు ఉన్నదే. ఉదాహరణకు ఈఎల్ 84 వాల్వు 5,000 ఓముల భారాన్ని కోరుతుంది; స్పీకరు 5 ఓములే. తేడా వెయ్యి రెట్లు. దాని వర్గమూలం సుమారు 32. నడుమ నిలిచే ట్రాన్స్‌ఫార్మరులో వాల్వు వైపు 32 చుట్లకు స్పీకరు వైపు ఒక చుట్టు ఉంటే ఇద్దరికీ పొత్తు కుదురుతుంది.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు. 1971 వేసవిలో, పన్నెండేళ్ల వాణ్ణి, వసారాలో పాట వినాలని, మోగుతున్న రేడియోలో స్పీకరు తీగ ఊడదీశాను. ఇంకొక స్పీకరు తగిలించేలోపే పెట్టెలోంచి చిటపటలు, వెంటనే కమురువాసన. ట్రాన్స్‌ఫార్మరులోని శక్తికి పోయే దారి లేక వోల్టేజి ఎగసి చుట్ల మధ్య పూత కాలిపోయింది. నాన్నగారు ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది. నాయనమ్మ మాత్రం అలవాటుగా వేకువనే పెట్టె ముందు కూర్చుని, గుర్తొచ్చి లేచిపోయేది. రిపేరు చేసే ఆయన పాత చుట్టను విప్పుతూ, ఒక్కొక్క చుట్టూ లెక్కపెట్టి, కొత్త తీగ చుట్టేసరికి రసాల కాపు అయిపోయింది.

ఓములు కలిశాయని సంబరపడేవారు నక్షత్రం చూసి జాతకం చూశామనుకొనేవారివంటి వారు. ఈఎల్ 84 ఒంటరిగా ఇచ్చేది 5 వాట్ల పైచిలుకే. ఒక వాటుకు, మీటరు దూరాన, 95 డెసిబెల్సు పలికే స్పీకరుకు అది ధారాళం. 85 మాత్రమే పలికే నేటి చిన్న డబ్బాకు అంతే గట్టిదనం రావాలంటే పదిరెట్ల వాట్లు కావాలి. వెనుక తెరిచిన కొయ్యపెట్టె, తేలికైన పెద్ద కాగితపు స్పీకరు ఊరికే పెట్టినవి కావు. ట్రాన్సిస్టర్లు వచ్చి, నడిమి ట్రాన్స్‌ఫార్మరు అవసరం తప్పించాక మనం ఇదంతా మరచిపోయాం.

ఆ రేడియో ఇంకా మా వసారాలోనే ఉంది. గ్రామఫోను కోసం పెట్టిన పికప్ రంధ్రాలకు ఇప్పుడు సెల్‌ఫోను తగిలించి ఘంటసాలవారి పాటలు వింటున్నాను. స్విచ్చి వేసేముందు వెనుకకు వెళ్లి స్పీకరు తీగలు తడిమి చూడటం మాత్రం నేటికీ మానలేదు.