పసివాని కంచము – డాక్టరు గోపాలన్

హైదరాబాదు నగరమున, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువగా, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ భవనములు కలవు. ఆ బాటను నిత్యము వేలకొలది జనులు పోవుచుందురు. లోపల జరుగు పని ఏమియో ఎరిగినవారు కొలదిమంది. మన పల్లెబడిలో మధ్యాహ్నపు గంట కొట్టిన తరువాత పిల్లవాని కంచములో పడు అన్నమునకును, పప్పునకును ఆ భవనములలో జరిగిన పనితో సంబంధము కలదని ఎరిగినవారు మరింత అరుదు. ఆ సంబంధమును వివరింపవలెనన్న డాక్టరు కొలుత్తూరు గోపాలన్‌గారి జీవితమును తడవక తప్పదు.

ఆ సంస్థయు, గోపాలన్‌గారును ఒకే యేటివారు. 1918 లో నీలగిరులపై కూనూరులో, పాశ్చర్ సంస్థలోని ఒక్క గదిలో, రాబర్టు మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధినిగూర్చి పరిశోధన మొదలిడెను. ఆ యేడే నవంబరు 29 వ తేదీన సేలములో గోపాలన్ జన్మించిరి. జాతకములు వ్రాయువారికి ఇందులో విశేషము కనబడవచ్చును. మాకు మాత్రము ఇది సులువుగా గుర్తుండు లెక్క. మదరాసులో వైద్యవిద్యయు, లండనులో పరిశోధనయు ముగించిన గోపాలన్‌గారు కూనూరు ప్రయోగశాలలో పనిచేసిరి. 1958 లో ఆ ప్రయోగశాల కొండ దిగి హైదరాబాదునకు వచ్చెను. తరువాతి దశాబ్దమున ఆయన దానికి డైరెక్టరైరి. 1969 లో దానికి జాతీయ పోషకాహార సంస్థ యను పేరు కలిగెను.

కొండ దిగుట మంచిదే అయినది. కూనూరులో మెకారిసన్ ఎలుకలకు పలు ప్రాంతముల తిండ్లు పెట్టి చూచి ప్రసిద్ధి గాంచెను. దక్కను పీఠభూమిపై ఆ తిండ్లు తిని బ్రతుకు మనుష్యులే ఎదుట నిలిచిరి. జొన్నయే ఆధారముగా గల ఇచటి కూలిజనములో, చర్మము నల్లబడి పొలుసులు లేచు పెల్లాగ్రా వ్యాధి కనబడుచుండెను. అది మొక్కజొన్న తినువారి వ్యాధియని గ్రంథములు చెప్పుచుండెను. జొన్నలో హెచ్చుగా నుండు ల్యూసిన్ అను పదార్థమునకు ఈ వ్యాధితో సంబంధము కలదని 1960 లో గోపాలన్, శ్రీకంఠయ్యగారలు ప్రకటించిరి. గ్రంథము చెప్పినదానికంటె రోగి తిన్నదానిని ముందు విచారించుట ఆయన పద్ధతి. ఆ పద్ధతియే పసిబిడ్డల విషయమున పెద్ద ఫలమునిచ్చినది.

పసిబిడ్డల పోషణలోపము రెండు రూపముల కనబడును. ఒకటి, బిడ్డ ఎముకలపై తోలు కప్పినట్లు కృశించిపోవుట. రెండవది, కాళ్ళు ఉబ్బి, ముఖము నిండి, జుట్టు వన్నె తప్పి, బిడ్డ ఎల్లప్పుడు చిరచిరలాడుచుండుట. ఈ రెండవదానికి క్వాషియార్కర్ అని పేరు. ఆఫ్రికాలో నాటి గోల్డుకోస్టున పనిచేసిన సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1930 దశకమున దీనిని లోకమునకు తెలిపెను. అచటి గా భాషలోని ఆ మాటకు, తరువాతి బిడ్డ రాగా స్థానము కోల్పోయిన బిడ్డకు వచ్చు జబ్బు అని అర్థము. ఆ తల్లులు పెట్టిన పేరులో ఎంత వైద్యము కలదో చూడుడు! తల్లిపాలు మానిన బిడ్డకు పలుచని గంజి తప్ప వేరేమియు దొరకదు. జబ్బు అచటనే మొదలగును.

ఈ జబ్బునకు కారణము మాంసకృత్తుల లోటని చాలకాలము లోకము నమ్మెను. పాలపొడి, వేరుశనగ పిండి, చేపల పిండి మొదలగువానితో ప్రత్యేకాహారములు సిద్ధమాయెను. మైసూరులో వేరుశనగ పిండిని, శనగపిండిని కలిపి బహుళార్థ ఆహారము చేసిరి. 1968 లో ఐక్యరాజ్య సమితియే మాంసకృత్తుల సంక్షోభము ముంచుకొని వచ్చుచున్నదని ఒక నివేదికను వెలువరించెను.

గోపాలన్‌గారు అడిగిన ప్రశ్న చాల చిన్నది: ఈ బిడ్డలు నిజముగా తినుచున్నదేమి? ఆయనయు, ఆయన సహచరులును పల్లెలలో బిడ్డల తిండిని పరిశీలింపగా, ఉబ్బిన బిడ్డకును, కృశించిన బిడ్డకును తిండిలో భేదము కనబడలేదు. ఒకే పల్లెలో, ఒకే విధమైన తిండి తినుచు, ఒక బిడ్డ ఎండిపోవుచున్నది. వేరొక బిడ్డ ఉబ్బుచున్నది. అట్లైనచో భేదము కంచములో లేదు. కొరతకు తట్టుకొనుటలో ఒక్కొక్క శరీరము చూపు తీరులో కలదు. ఇది 1968 లో ఆయన ప్రకటించిన అభిప్రాయము. దీనినిబట్టి చూడగా, ఉభయులకు కొరవడినది ఏదో ఒక విశేష పదార్థము కాదు, తిండియే చాలలేదు.

ఇందలి మర్మమును ఇంటి మాటలలో చెప్పుదము. శరీరమునకు ముందు కావలసినది ఇంధనము. బియ్యము, జొన్న, పప్పు కలిసిన మన తిండిని బిడ్డ కడుపార తిన్నచో, ఇంధనముతోపాటు మాంసకృత్తులును చాలవరకు సమకూరును. కడుపు నిండనినాడు శరీరము ఆ మాంసకృత్తులనే కాల్చుకొనును. వంటకు కట్టెలు చాలక ఇంటి దూలమును విరిచి పొయ్యిలో పెట్టుట వంటి పని ఇది. అట్టి ఇంటికి ఎన్ని కొత్త దూలములు తెచ్చి యిచ్చినను పొయ్యిపాలే అగును.

మాట చాలదు, ఋజువు కావలెను. హైదరాబాదు చుట్టుపట్ల పల్లెలలో ఐదేండ్లలోపు బిడ్డలకు, ఇంటి తిండికి అదనముగా, గోధుమపిండి, చక్కెర, నూనె కలిపిన ఆహారమును దినదినము పెట్టి చూచిరి. అందు సుమారు 310 కాలరీలు కలవు. మాంసకృత్తులు కేవలము 3 గ్రాములు. పదునాలుగు నెలలు గడచినవి. అదనపు తిండి తిన్న బిడ్డలు, తినని బిడ్డలకంటె ఎత్తునను బరువునను హెచ్చుగా పెరిగిరి. మాంసకృత్తులే అసలు లోటైనచో ఈ బిడ్డలు ఇట్లు పెరుగరాదు. 1973 లో ఈ ఫలితములు అచ్చైనవి.

ఇది పండితుల వాదము మాత్రమేయని ఎవరైన అనుకొందురేమో! లోటు మాంసకృత్తులదన్న, ఔషధమువంటి పొడిని డబ్బాలో పోసి పంచిన చాలును. అది వర్తకులకును, దాతలకును అనుకూలమే. లోటు అన్నముదేయన్న, కూలి ఎంత, ధాన్యపు ధర ఎంత, పొలమునకు పోయిన తల్లి తిరిగి వచ్చువరకు బిడ్డకు పెట్టువారెవరు అను ప్రశ్నలు లేచును. ఆ ప్రశ్నలను లేవదీయుటయే గోపాలన్‌గారి కృషిలో అన్నిటికంటె విలువైన భాగమని మా అభిప్రాయము. పాలు, పప్పు, కూరలు అక్కరలేదని ఆయన అనలేదు. పసిబిడ్డ పొట్ట చిన్నదని, పలుచని జావతో అది నిండునే గాని అవసరము తీరదని ఆయన సంస్థకు బాగుగ తెలియును. అచట రూపొందిన హైదరాబాదు మిశ్రమమే ఇందుకు సాక్షి: వేచిన గోధుమలు 40 గ్రాములు, వేచిన శనగలు 16, వేరుశనగపప్పు 10, బెల్లము 20. వెరసి 330 కాలరీలు, మాంసకృత్తులు 11 గ్రాములకు పైన. ఊరి అంగడిలో దొరకని సరకు ఇందులో ఒక్కటియు లేదు.

ఇక బడి సంగతి. మదరాసు నగరపాలక సంఘము 1920 లోనే ఒక బడిలో మధ్యాహ్న భోజనము మొదలిడెను. 1956 లో కామరాజుగారు దానిని రాష్ట్రమునకు విస్తరింపజేసిరి. 1982 లో ఎం. జి. రామచంద్రన్‌గారు మరింత పెంచిరి. దేశమంతటికి పథకము వచ్చినది 1995 ఆగస్టు 15 న. అయినను చాల రాష్ట్రములు వండి పెట్టుటకు మారుగ నెలకు 3 కిలోల ధాన్యమునిచ్చి చేతులు దులుపుకొనెను. ఆ ధాన్యము ఇంటి కుండలో పడి అందరి పాలయ్యెను. 2001 నవంబరు 28 న సుప్రీంకోర్టు, కనీసము 300 కాలరీలు, 8 మొదలు 12 గ్రాముల మాంసకృత్తులు గల వండిన భోజనమునే బడిలో పెట్టవలెనని ఆజ్ఞాపించెను. ఆంధ్రప్రదేశమున 2003 జనవరిలో బడిపొయ్యిలు వెలిగెను. 2006 లో ప్రాథమిక పాఠశాల బిడ్డకు కొలత 450 కాలరీలు, 12 గ్రాములకు పెరిగెను.

ఈ అంకెలు ఆకాశమునుండి ఊడిపడలేదు. భారతీయులకు దినమునకు ఎంత ఆహారము కావలెనో 1968 లో గోపాలన్, నరసింగరావుగారలు నిర్ణయించి వ్రాసిరి. ఏ పదార్థములో ఏమున్నదో తెలుపు పట్టికలను గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రహ్మణ్యన్‌గారలు 1971 లో ప్రకటించిరి. ఆ పట్టికలు చేతబట్టుకొని బడి కంచమును మనమే లెక్కింపవచ్చును. నిర్ణయించిన బియ్యము 100 గ్రాములు: 345 కాలరీలు, మాంసకృత్తులు 6.8 గ్రాములు. కందిపప్పు 20 గ్రాములు: 67 కాలరీలు, నాలుగున్నర గ్రాములకు కొంచెము తక్కువ. నూనె 5 గ్రాములు: 45 కాలరీలు. కూరగాయలు 50 గ్రాములు కలుపగా 450 దాటును. మాంసకృత్తులు ఇంచుమించు 12 గ్రాములు. ఇందులో పప్పు సగము తగ్గించి నీరు పోసిన వంటవాని గరిటె ఏమి అపహరించినదో కూడ ఆ పట్టికయే చెప్పును.

2024 లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిభోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. లంకల గన్నవరమున ఆ తల్లి కొలచి వడ్డించినది కాదు. కొలువకుండుటయే ఆమె గొప్పదనము. ప్రభుత్వము వడ్డించునపుడు కొలువక విడిచినచో నష్టపోవువాడు పిల్లవాడే.

బడిభోజనముతోనే పని తీరదు. బడికి వచ్చునప్పటికి బిడ్డకు ఐదారేండ్లు. పెరుగుదల కుంటుపడుట మొదటి రెండు మూడేండ్లలోనే జరిగిపోవును. 1975 అక్టోబరు 2 న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల అంగన్‌వాడీలు ఆ వయస్సు వారికై ఏర్పడినవే. రేచీకటితో చూపు కోల్పోవు బిడ్డలకు ఆరు నెలలకొకమారు రెండు లక్షల యూనిట్ల ఎ విటమిను ఇచ్చు జాతీయ కార్యక్రమము 1970 లో ఆరంభమైనది. దానికి మూలము హైదరాబాదు పరిశోధనలే. ఆ మందు శాశ్వతముగా తోటకూరకు, మునగాకుకు బదులు కారాదని గోపాలన్‌గారే పిదప గట్టిగా వాదించిరి. తమ సంస్థ బిడ్డయని దానిని ముద్దు చేయలేదు.

1974 లో ఆయన భారత వైద్య పరిశోధన మండలికి అధిపతియై ఢిల్లీ వెళ్ళిరి. 1980 లో అచటనే భారత పోషకాహార ఫౌండేషనును స్థాపించిరి. అప్పుడొక కొత్త వాదము బయలుదేరెను. డేవిడ్ సెక్లర్ అను ఆర్థికవేత్త, పేదదేశముల బిడ్డలలో అనేకులు పొట్టివారే గాని రోగులు కారని, వారు చిన్నవారైనను ఆరోగ్యవంతులేయని వాదించెను. వినుటకు ఎంత ఊరట! కొలబద్దను కురుచ చేసినచో, గింజ ధాన్యము ఖర్చు లేక, దేశములోని పోషణలోపము కాగితముపై సగము తీరును. చిన్నతనము ఆరోగ్యమైనచో అది పేదలకు మాత్రమే ఎందులకని 1983 లో గోపాలన్‌గారు ప్రతివాదము వ్రాసిరి. కడుపునిండ తిను భారతీయుల బిడ్డలు అన్య దేశముల బిడ్డలవలెనే పెరుగుచుండగా, కూలివాని బిడ్డకు వేరు కొలబద్ద ఏలయని ఆయన వాదము.

2006 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశముల బిడ్డలను కొలచి పెరుగుదల ప్రమాణములను ప్రకటించెను. వారిలో ఢిల్లీ బిడ్డలును కలరు. తల్లిపాలు, తగిన తిండి, శుభ్రత కలిగినచోట నార్వే బిడ్డకును ఢిల్లీ బిడ్డకును ఎదుగుదల ఇంచుమించు ఒక్కటేయని తేలెను. మన అంగన్‌వాడీలో బిడ్డను తూచి చుక్క పెట్టు పటము ఆ ప్రమాణములతో గీచినదే. అవి వెలువడునప్పటికి గోపాలన్‌గారికి ఎనుబదియేడేండ్లు. 2019 అక్టోబరు 3 వ తేదీన, నూరేండ్లు నిండి పది నెలలైన పిదప, ఆయన చెన్నైలో కన్నుమూసిరి.