పితృఋణం, వంశలేఖనం, ఇంటి కంప్యూటరు

బృహదారణ్యకోపనిషత్తులో మధుకాండం, యాజ్ఞవల్క్యకాండం, ఖిలకాండం ముగిసే మూడు స్థలాలలోనూ ఒక్కొక్క వంశబ్రాహ్మణం ఉన్నది. అది తండ్రీకొడుకుల వరుస కాదు. ఎవరి నుండి ఎవరు విద్యను గ్రహించారో తెలిపే ఆచార్యపరంపర. బ్రహ్మవిద్యను బోధించిన గ్రంథం ఒట్టి పేర్ల పట్టికతో ముగియటం నేటి పాఠకునికి వింతగా తోచవచ్చు. పారాయణంలో ఆ పుటలను త్వరత్వరగా దాటివేసేవారే ఎక్కువ. కానీ పూర్వులకు ఆ పట్టికయే విద్యకు ప్రమాణపత్రం. మూడవ వంశంలో పౌతిమాషీపుత్రుడు, కాత్యాయనీపుత్రుడు అంటూ ఆచార్యులు అనేకులు తల్లిపేరుతోనే స్మరింపబడతారు. సంతానప్రకరణంలో స్త్రీకి గల ప్రాధాన్యమే ఇందుకు కారణమని శంకరభగవత్పాదుల వ్యాఖ్యానం. వంశాన్ని ఎలా వ్రాయాలన్న ప్రశ్న, ఎవరి పేరుతో వ్రాయాలన్న ప్రశ్న ఈ దేశంలో ఉపనిషత్కాలం నాటికే ఉన్నవన్నమాట.

విద్యావంశం ఆచార్యఋణానికి సంబంధించినదైతే, జన్మవంశం పితృఋణానికి సంబంధించినది. తర్పణకాలంలో కర్త తండ్రిని వసురూపునిగా, తాతను రుద్రరూపునిగా, ముత్తాతను ఆదిత్యరూపునిగా, గోత్రనామాలతో స్మరించాలి. తల్లి, పితామహి, ప్రపితామహి, మాతామహుడు, ఆయన తండ్రి, తాత, వారి పత్నులు. ఇలా ద్వాదశ పితృదేవతలు. మహాలయపక్షంలో, గయాక్షేత్రంలో ఈ జాబితా జ్ఞాతులకు, బంధువులకు, గురువులకు కూడా విస్తరిస్తుంది. పురోహితుడు పేరు చెప్పమని అడిగినప్పుడు మాతామహుని తండ్రి పేరు దగ్గరనే ఆగిపోయే గృహస్థులు నేడు ఎందరో. ఇంట్లోని పెద్దలు వెళ్ళిపోయాక ఆ పేరును తిరిగి తెచ్చే ఉపాయం చాలా కుటుంబాలకు లేదు. కనుక కంప్యూటరులో వంశవృక్షాన్ని నిర్మించుకోవటానికి ఏ సాఫ్ట్‌వేరు తగినదన్న ప్రశ్న కేవలం కాలక్షేపానికి సంబంధించినది కాదు.

పూర్వం ఈ భారాన్ని వహించిన వారు వేరు. దేవతల, ఋషుల, రాజుల వంశాలను ధారణచేయటం సూతుని స్వధర్మమని పురాణాలు చెప్పుకున్నవి. పంచలక్షణాలలో వంశం, వంశానుచరితం రెండూ స్థానం పొందినవి. తెలుగునాట వంశరాజులు పోషకకుటుంబాల గోత్రాలను, పరంపరలను గానరూపంలో నిలిపారు. 1821లో మరణించిన కర్నల్ మెకంజీ, కావలి సోదరుల సహాయంతో సేకరింపజేసిన కైఫీయతులలో గ్రామచరిత్రలతో పాటు పాలకుల వంశావళులూ చేరినవి. హరిద్వారంలో పండాల బహీలు మరొక విధం. యాత్రికుని స్వగ్రామం, కులం ఆధారంగా కట్టలు కట్టి, వచ్చిన ప్రతి తరం చేతా తమ కుటుంబంలోని జననమరణాలను చెప్పించి వ్రాసుకొనే పద్ధతి అది. ఒక వ్యక్తి మొత్తం వంశాన్ని వ్రాయలేదు. ప్రతి తరం తన వంతు వ్రాయించింది. ఇంతకంటె మేలైన ఏర్పాటును ఊహించటం కష్టం.

ఆ బహీలలో కొన్ని నేడు అమెరికాలోని యూటా రాష్ట్రంలో మైక్రోఫిల్ముల రూపంలో ఉన్నవి. అది అక్కడికి చేరిన కారణం తెలిస్తే నేటి సాఫ్ట్‌వేరు స్వభావం కూడా అర్థమవుతుంది. సాల్ట్ లేక్ సిటీలో 1894లో మోర్మన్ చర్చి ఆశ్రయంలో యూటా వంశావళి సంఘం ఏర్పడింది. 1938 నుండి అది లోకంలోని వంశపత్రాలను మైక్రోఫిల్ముకు ఎక్కించసాగింది. గతించిన పూర్వులకు వారి పేరిట జీవించి ఉన్న వారసులు సంస్కారాలు జరిపించవచ్చునని వారి విశ్వాసం. అందుకు ముందుగా ఆ పూర్వులెవరో నిర్ధారించుకోవాలి. పితృకర్మ చేసే హిందువుకు ఈ ప్రేరణ పరాయిదిగా తోచదు. ఆ చర్చియే 1984లో పర్సనల్ యాన్సెస్ట్రల్ ఫైల్ అనే సాఫ్ట్‌వేరును ఇళ్ళలోని కంప్యూటర్లకు అందించింది. ఒక సాఫ్ట్‌వేరు నుండి మరొకదానికి వంశసమాచారాన్ని తరలించే జెడ్‌కామ్ అనే లేఖనపద్ధతినీ ఆ సంవత్సరమే వెలువరించింది. నేటికీ ఈ రంగంలోని సాఫ్ట్‌వేర్లకు ఉమ్మడిభాష అదే.

ప్రతి లేఖనపద్ధతిలోనూ దానిని కల్పించినవారి ధర్మం దాగి ఉంటుంది. జెడ్‌కామ్‌లో మోర్మన్ సంస్కారాలకు ప్రత్యేకమైన సంకేతాలున్నవి. గోత్రానికి లేదు, ప్రవరకు లేదు. గ్రెగోరియన్, జూలియన్, హీబ్రూ పంచాంగాలకు, చివరకు పన్నెండేళ్ళ పాటు నడిచి ఆగిన ఫ్రెంచి విప్లవ పంచాంగానికి సైతం అందులో చోటున్నది, మాసపక్షతిథులకు లేదు. ఆబ్దికం జరిగేది ఇంగ్లీషు తేదీన కాదు, తిథినాడు. తేదీ మాత్రం వ్రాసి ఊరుకున్న వంశవృక్షం చరిత్రకారునికి ఉపయోగపడుతుంది కానీ కర్తకు చాలదు. తేదీ నుండి తిథిని గణించవచ్చును గదా అంటే, నిర్యాణసమయం, స్థలం కూడా తెలిస్తేనే ఆ గణనకు నిశ్చయం. కనుక వాడుకరి తనకు కావలసిన గడులను తానే సృష్టించుకోగల సాఫ్ట్‌వేరునే ఎంచుకోవాలి. తిథి, గోత్రం, సూత్రం, శాఖ అన్నవి అటువంటి గడులలోనే ఒదుగుతాయి.

దత్తత మరొక కఠినపరీక్ష. మనుస్మృతి ప్రకారం దత్తునికి జనకుని గోత్రం, రిక్థం రెండూ వర్తించవు. పిండాధికారం దత్తత తీసుకున్న ఇంటికి మారుతుంది. ద్వ్యాముష్యాయణుడైతే ఇరువురు తండ్రులకూ పిండప్రదాత. ఒక మనిషికి ఒకే తల్లిదండ్రుల జంటను అనుమతించే సాఫ్ట్‌వేరు ఇక్కడ అసత్యం చెప్పవలసి వస్తుంది. రెండు జంటలనూ చూపి, ఇది జన్మసంబంధం, ఇది దత్తసంబంధం అని వేరుచేసి వ్రాయనిచ్చేదే యోగ్యం. వివాహంతో స్త్రీ గోత్రం మారుతుంది గనుక గోత్రాన్ని జన్మలక్షణంగా స్థిరపరచక, కాలంతో మారే అంశంగా వ్రాయగలగాలి.

లిపి విషయంలో కొంత ఊరట లభించింది. జెడ్‌కామ్ తొలినాళ్ళలో ఆధారపడిన ఆన్సెల్ సంకేతావళిలో తెలుగు అక్షరాలే లేవు. 1999 నాటి ముసాయిదాలో యుటిఎఫ్-8 చేరింది. 2021లో వచ్చిన 7.0 సంచికలో అదొక్కటే మిగిలింది. నేడు తెలుగు పేర్లను తెలుగులోనే వ్రాయవచ్చు. ఇంటిపేరు ముందు, వ్యక్తినామం తరువాత వచ్చే మన క్రమాన్ని జెడ్‌కామ్ మొదటి నుండీ సహించింది. దానిని తారుమారు చేసి చూపే సాఫ్ట్‌వేరు ఉంటే దోషం సాఫ్ట్‌వేరుదే.

సాఫ్ట్‌వేరు ఆయుస్సు మనిషి ఆయుస్సు కంటె చిన్నదని ఈ స్వల్పచరిత్రే చెబుతున్నది. పర్సనల్ యాన్సెస్ట్రల్ ఫైల్‌ను 2013 జూలైలో నిలిపివేశారు. 1989లో పుట్టిన ఫ్యామిలీ ట్రీ మేకర్‌ను ఇక అమ్మబోమని దాని యజమాని సంస్థ 2015 డిసెంబరులో ప్రకటించింది. మరుసటి సంవత్సరం వేరొక సంస్థ దానిని స్వీకరించటం వలన అది బ్రతికింది. 2001లో ఆరంభమైన గ్రాంప్స్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. వెల లేదు, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిపైనా నడుస్తుంది, సమాచారం సొంత కంప్యూటరులోనే ఉంటుంది. జన్మ, దత్త సంబంధాలను వేరుచేయటం, సొంత గడులు కల్పించుకోవటం, ప్రతి విషయానికి ఆధారాన్ని జతచేయటం దానిలో సాధ్యం. అలవాటు పడటానికి కొన్ని దినాల ఓర్పు కావాలి. తిథుల పంచాంగం దానిలోనూ లేదు. అయినా పితృకర్మ దృష్టితో చూసేవారికి దానినే ముందుగా పరిశీలించటం యుక్తం.

ఆధారం జతచేయటమన్నది చిన్న విషయం కాదు. ఛాందోగ్యంలో సత్యకామ జాబాలుడు గోత్రం అడిగిన ఆచార్యునితో తెలియదని, తన తల్లికీ తెలియదని, ఉన్నదున్నట్లు చెప్పాడు. ఆ సత్యం వల్లనే హారిద్రుమతుడైన గౌతముడు అతనికి ఉపనయనం చేశాడు. గోత్రం తెలియనప్పుడు కర్మలో కాశ్యపగోత్రం చెప్పటం ఆచారం. అది కర్మ ఆగకుండా చేసిన ఏర్పాటు, చారిత్రకవాక్యం కాదు. వంశవృక్షంలో ఆ గడిని ఖాళీగానే విడిచి, కర్మలో కాశ్యపగోత్రంతో జరుగుతున్నదని పక్కన వ్రాయటం తగును. లేకుంటే రెండు తరాల తరువాత ఆ కుటుంబం నిజంగానే కాశ్యపసగోత్రులైపోతుంది; వివాహసంబంధాల వేళ ఆ పొరపాటు బయటపడదు.

ఏదైనా సాఫ్ట్‌వేరును స్వీకరించేముందు ఒక తెలుగు కుటుంబంతోనే దానిని పరీక్షించాలి. ఐరోపాలో 1590 నుండి కనిపించే ఒక సంఖ్యాక్రమంలో కర్త 1. ఎవరి తండ్రికైనా వారి సంఖ్యకు రెట్టింపు, తల్లికి దానికంటె ఒకటి అధికం. ఆ లెక్కన పితృపితామహప్రపితామహులు 2, 4, 8. మాతామహుడు, ఆయన తండ్రి, తాత 6, 12, 24. మేనమామ తన అక్క కూతురిని వివాహమాడిన ఇంట, వారి బిడ్డకు తండ్రి తండ్రియైన 4, తల్లికి మాతామహుడైన 14 ఒక్కరే. మేనరికాన్ని దాక్షిణాత్యుల ఆచారంగా బౌధాయనుడు ఏనాడో గుర్తించాడు; పాశ్చాత్యులు గీసే వృక్షానికి మాత్రం ఇది చిక్కు. అటువంటి ఒక కుటుంబాన్ని ఎక్కించి, జెడ్‌కామ్ ప్రతి తీసి, దానిని వేరొక సాఫ్ట్‌వేరులో తెరిచి చూడాలి. 4, 14 స్థానాలలో ఒకే మనిషి కనిపిస్తున్నాడా, లేక అదే పేరుతో ఇద్దరు పుట్టుకొచ్చారా, దత్తుని ఇద్దరు తండ్రులూ నిలిచారా, తిథి గడి చెరగకుండా వచ్చిందా అన్నవి అరగంటలో తేలిపోతాయి.