కోటగుళ్ల నేల మీది గరిటకమ్మ

ఓరుగల్లు సీమలోని ఘనపూర్‌లో బతుకమ్మ పేర్చే తాంబాళంలో బంతి, చామంతి లేకుంటే వెలితిగా ఉంటుంది. కానీ కాకతి గణపతిదేవుడి ఏలుబడిలో (1199–1262) ఇక్కడి కోటగుళ్ల ఆలయ సముదాయం లేచిన నాటికి ఈ దేశంలో బంతిపువ్వే లేదు. అది మెక్సికో మొక్క. 1498లో పోర్చుగీసు ఓడలు కాలికట్ చేరిన తర్వాతే మన తోటల్లోకి వచ్చింది. చామంతి పుట్టిల్లు చైనా. పొద్దుతిరుగుడు ఉత్తర అమెరికాది, నూనెగింజల పంటగా మన దగ్గర మొదలైంది 1969లో. గట్ల మీది గడ్డిచామంతిదీ అమెరికా ఖండమే. ఇక వయ్యారిభామ 1950లలో పుణె దగ్గర కనబడింది, ఆ తర్వాత చేసిన చేటు ప్రతి రైతుకూ తెలుసు.

ఇవన్నీ చామంతి కుటుంబమే. ఆ కుటుంబంలో అచ్చంగా ఈ నేలది ఒకటుంది: గరిటకమ్మ, వైద్యుల మాటలో సహదేవి. జానెడు నుంచి మూరెడు ఎత్తు, బూడిదరంగు నూగు, కొసన చిన్న ఊదాపూలు. మనం ఒక్క పువ్వనుకునేది నిజానికి ఇరవై దాకా సన్నటి గొట్టాల్లాంటి పూల గుత్తి. చామంతికి చుట్టూ ఉండే రేకలు దీనికి ఉండవు. పండాక ప్రతి గింజా తెల్లటి కుచ్చుతో గాలికి లేచిపోతుంది. నేల అనుకూలిస్తే ఒక ఏడాదికి మించి బతుకుతుంది, ఏడాది పొడవునా పూస్తుంది.

మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లోనే దీన్ని తన గ్రంథంలోకి ఎక్కించాడు. మన సీమ మొక్కలకు మాత్రం ఆ భాగ్యం ఆలస్యమైంది. 1781 నుంచి సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ కోస్తా మొక్కల బొమ్మలే గీయించాడు. మరో వృక్షశాస్త్రజ్ఞుడు గాంబుల్ 1915లో మొదలుపెట్టిన పెద్ద గ్రంథం మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల వరకే. నిజాం ఏలుబడిలోని ఓరుగల్లు సీమ దాని హద్దులకు బయటే ఉండిపోయింది.

మలయాళీలు దీన్ని దశపుష్పాల్లో ఒకటిగా తిరువాతిర పండుగ నాడు కొప్పులో పెట్టుకుంటారు. థాయ్‌లాండ్ పొగతాగే అలవాటు మాన్పించే మందుగా తన జాతీయ ఔషధాల జాబితాలో చేర్చింది. మనమేమో కలుపుమందు కొడుతున్నాం.

కోటగుళ్ల రాతి సందుల్లో మొలిచిన రావి, మర్రి గుడిని చీల్చేస్తాయి, వాటిని పీకాల్సిందే. ఖాళీ జాగాలోని గరిటకమ్మ ఏ రాయినీ కదల్చదు. కోటగుళ్లకు పిల్లల్ని తీసుకొచ్చే టీచర్లు శిల్పాలు చూపించాక, దయచేసి ఒక్క నిమిషం కింద కూర్చుని ఈ మొక్కనూ చూపించండి.