చెరిపిన నంబరు, తేలని బాకీ

విజయవాడ ఆటోనగరులో లారీ బాడీలు కట్టు మేస్త్రీకి అమెరికానుండి కుమారుడు ఫోను చేసెననుకొందము. మ్రోగినది బి.ఎస్.ఎన్.ఎల్. తీగ ఫోను, కాని కాల్ మన దేశములోనికి వచ్చినది వేరొక కంపెనీ ద్వారా. ఒక కంపెనీ ఎక్స్ఛేంజి మరొక దానికి కాల్‌ను అప్పగించు చోటును అనుసంధాన స్థానమందురు. అట్లు అప్పగించిన ప్రతి నిమిషమునకు మొదటి కంపెనీ రెండవ దానికి రుసుము చెల్లింపవలెను.

2004లో ఈ రుసుమునకు రెండు భాగములుండెను. కాల్‌ను గమ్యమునకు చేర్చినందుకు నిమిషమునకు 30 పైసలు. రెండవది యాక్సెస్ లోటు రుసుము. ఖర్చు ఎక్కువై రాబడి తక్కువైన పల్లె ఫోన్లను నిలబెట్టుటకు నియంత్రణ సంస్థ ట్రాయ్ దీనిని విధించెను. విదేశీ కాల్‌పై ఇది నిమిషమునకు 4 రూపాయల 25 పైసలు. పది నిమిషములు మాటలాడినచో 42 రూపాయల 50 పైసలు! స్థానిక కాల్ బాకీయో, పైసలలోనే. దొంగకు తలుపు తెరచి పెట్టినట్లే యున్నది.

కాల్ ఎచ్చటినుండి వచ్చినదో ఎక్స్ఛేంజికి ఎట్లు తెలియును? కంఠధ్వనిని బట్టి కాదు. ధ్వని కంటె ముందు, వేరొక మార్గమున, ఏడవ నంబరు సంకేత పద్ధతిలో చిన్న సందేశమొకటి వచ్చును. అందు పిలిచిన వాని నంబరుండును. దానినిబట్టియే లెక్క వ్రాయబడును. పంపు ఎక్స్ఛేంజి విదేశీ నంబరును తీసి స్థానిక నంబరు పెట్టినచో, అందుకొను ఎక్స్ఛేంజి దానినే నమ్మును. తండ్రికిగాని కొడుకునకుగాని అనుమానమే రాదు.

2004లో బి.ఎస్.ఎన్.ఎల్. రిలయన్స్ ఇన్ఫోకామ్‌పై ఇట్టి ఆరోపణయే చేసెను. అవి తన ‘హోమ్ కంట్రీ డైరెక్ట్’ సేవకు చెందిన కాల్స్ అని కంపెనీ వాదించెను. టెలికాం శాఖ 150 కోట్ల రూపాయల జరిమానా విధించెను.

జరిమానా ప్రభుత్వమునకు చేరును. మరి కాల్‌లను అందుకొన్న కంపెనీ నష్టమెంత? అసలు చిక్కు ఇక్కడనే. విదేశమునుండి పరీక్షగా ఒక కాల్ చేసి, ఇచట స్థానిక నంబరు కనబడినచో మోసము బయటపడును. కాని అంతకుముందు అట్టివి ఎన్ని వచ్చెనో చెప్పుట యెట్లు? నంబరుతోపాటు లెక్కయు చెరిగిపోయినది. అందుచేత అనుసంధాన ఒప్పందములో 6.4.6 అను నిబంధన ముందే చేర్చబడెను. అక్రమ కాల్‌లు దొరికినచో, ఆ అనుసంధాన స్థానముగుండా గత రెండు నెలలలో వచ్చిన కాల్‌లన్నింటికిని అత్యధిక రేటు పడును. ఆ స్థానమే రెండు నెలలకు లోపున తెరువబడినచో, నాటినుండియే లెక్క.

నిజమైన స్థానిక కాల్‌లకును విదేశీ రేటా? ఇది పరిహారము కాదు, శిక్ష యని రిలయన్స్ పక్షము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను ప్రకారము శిక్షారూపమైన మొత్తమును న్యాయస్థానము తగ్గింపవచ్చును. టెలికాం ట్రిబ్యునలు తరువాత వివాదము సుప్రీంకోర్టుకు చేరెను. 2010 నవంబరు 29న కోర్టు బి.ఎస్.ఎన్.ఎల్. వాదమునే అంగీకరించెను: ఇది శిక్ష కాదు, నష్టమునకు ఉభయులును ముందే వేసికొన్న అంచనా. తీర్పు సబబైనదే, కొలువ వీలులేని నష్టమునకు ముందంచనా తప్ప గతి లేదు. రెండు నెలల హద్దు లేకున్న మాత్రము ఆ నిబంధనను సమర్థించుట కష్టము.

లోటు రుసుము 2008 సెప్టెంబరుతో ముగిసెను. దేశములోని కాల్‌లపై చేర్పు రుసుము 2021 జనవరి 1 నుండి సున్నా అయ్యెను. విదేశీ కాల్‌పై 2020లో 35 నుండి 65 పైసల వరకు నిర్ణయింపబడెను. సందు చిన్నదైనను మూతపడలేదు. ఇంటర్నెట్టుపై వచ్చిన విదేశీ కాల్‌ను పదులకొద్ది సిమ్ములున్న పెట్టెగుండా స్థానిక కాల్‌గా వదలుచున్నారు. హైదరాబాదులోను పోలీసులు ఇట్టి దొంగ ఎక్స్ఛేంజీలను పట్టుకొనిరి. ఇందు నంబరు మార్చబడదు, సిమ్ము నంబరే కనబడును. కనుక ఇంజనీర్లు నంబరును విడిచి నడవడిని చూచుచున్నారు: పగలు రేయి కాల్‌లు చేయుచు, తానొక్కటియు అందుకొనక, ఒకే టవరు నీడను కదలక కూర్చున్న ‘ఫోను’ ఏది యని.